కుండీలో నిమ్మ మొక్క

ఇంటి ముందు కుండీలో నిమ్మ మొక్క ఉంటే పులిహోరకీ, మజ్జిగకీ కాయ చేతికి అందుతుంది. కాని చిగురు వేసిందంటే చాలు, పురుగులు పడతాయి. కంగారుపడి పురుగుల మందు కొట్టకూడదు. ఆ కాయలు తినేది మనమే. ఆ కుండీ పక్కన ఆడుకునేది మన పిల్లలే.

ముందు ఆకులు తిప్పి చూడాలి.

పిట్ట రెట్ట లాంటిది కనిపించిందా? కదిలితే అది రెట్ట కాదు, సీతాకోకచిలుక పురుగు. పెరిగితే పచ్చగా మారి ఆకులన్నీ తినేస్తుంది. చేత్తో ఏరి పారేస్తే సరి.

ఆకు మీద పాములా వంకర టింకర తెల్ల గీతలున్నాయా? ఆకు లోపల చిన్న పురుగు తొలుస్తోందన్నమాట. బాగా పాడైన ఆకులు తుంచి కాల్చేయాలి.

కొమ్మ మీద తెల్లని పిండి ఉందా? అది పిండినల్లి. మొక్క రసం పీల్చి తియ్యని జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు చేరి, దానికి కాపలా కాస్తాయి. అందుకే చీమలు మొక్క ఎక్కుతుంటే పిండినల్లి ఉందేమో వెతకాలి. తడి గుడ్డతో తుడిచేయాలి.

అప్పటికీ తగ్గకపోతే వేప కషాయం ఉంది. 50 గ్రాముల వేప పప్పు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. గుడ్డలో వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలపాలి. సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లాలి. వారం తర్వాత మళ్లీ చల్లాలి.

ఎర్రని అక్షింతల పురుగులు కనిపిస్తే చంపకూడదు. అవి పేనుబంకను, పిండినల్లిని తింటాయి.

నీళ్లు పోసేటప్పుడు రోజూ కాసేపు ఆకులు చూస్తే, విషం కొనే పనే ఉండదు.