దిండు పక్కన తెల్లవారుజాము

గోదావరికి పడమటి గట్టున ఉంది కాబట్టి, కొవ్వూరు వాళ్లకు పొద్దు ఏటికి అవతల, రాజమండ్రి మేడల వెనకనుంచి పొడుస్తుంది. గోష్పాద క్షేత్రం రేవులో నిలబడి తూర్పుకు చూస్తే కంటికి అడ్డమేదీ ఉండదు. ఈ ఊరికి ఇంకో వీలూ ఉంది. దేశమంతటికీ గడియారం దిద్దే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు తూర్పుగా, తుని ఛాయల్లో పోతుంది. కొవ్వూరు ఉన్నది 81.7 డిగ్రీల దగ్గర. అంటే ఇక్కడ సూర్యుడికీ చేతి గడియారానికీ తేడా సుమారు మూడు నిమిషాలే. అదే ద్వారకలో దగ్గర దగ్గర గంట.

ఏడాది పొడవునా చూసినా పెద్ద మార్పేమీ ఉండదు. జూన్ మొదట్లో సుమారు 5.30కి, సంక్రాంతి రోజుల్లో 6.35 ప్రాంతంలో సూర్యోదయం. లండన్‌లో ఉన్న మనవాళ్లకైతే జూన్‌లో ఐదుకు ముందే తెల్లారిపోతుంది, డిసెంబరు చివర ఎనిమిది దాటినా తెల్లారదు. మెల్లమెల్లగా వెలుగు పెంచుతూ లేపే అలారం దీపం ఆ చలి దేశాల అవసరంలోంచి వచ్చింది. ఫిలిప్స్ సంస్థ 2010లో ఈ దీపాలను ఆర్కిటిక్ ఊరు లాంగియర్‌బ్యెన్‌కు తీసుకెళ్లి జనానికి ఇచ్చింది. అక్కడ ఏటా దాదాపు నాలుగు నెలలు సూర్యుడి ముఖమే కనిపించదు. కొంత పరీక్ష, కొంత ప్రచారం అనుకోండి.

దీపం పని తీరు తేలికే. ఆరింటికి పెట్టుకుంటే ఐదున్నరకు ఎర్రగా, కనీకనిపించకుండా వెలుగుతుంది. అది నారింజ రంగుకు, ఆ తరవాత పసుపు కలిసిన తెలుపుకు తిరిగి, ఆరయ్యేసరికి దిండు దగ్గర రెండు మూడు వందల లక్సుల వెలుగిస్తుంది. నిండు పున్నమి వెన్నెల పావు లక్సుకు అటూ ఇటూగా ఉంటుంది. సూర్యుడు పొడవడానికి ఇరవై నిమిషాల పైచిలుకు ముందు ఆరుబయట మూడు లక్సులు, పొడిచే క్షణాన నాలుగు వందల దాకా, బారెడు పొద్దెక్కాక పదివేలకు పైగా ఉంటుంది. ఆ మొదటి ఇరవై చిల్లర నిమిషాల్లో వెలుగు వంద రెట్లకు పైగా పెరుగుతుంది. దీపం అరగంటలో అభినయించేది దాన్నే.

వెలుగు పడితే మెలకువ ఎందుకొస్తుంది? కంటి వెనక పొరలో బొమ్మను చూపించే కణాలు కాక, వెలుగెంతుందో మాత్రమే కొలిచే కణాలు మరికొన్ని ఉన్నాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. శరీర గడియారాన్ని వెలుగుతో దిద్దడంలో దాని పాత్రను తేల్చినవాళ్లలో మన పొరుగు ఒడిశాలో పుట్టిన సచ్చిదానంద పాండా ఒకరు. ఈ కణాలు మెదడు అడుగున ఇరవై వేల నాడీకణాలున్న చిన్న ముద్దకు కబురు పంపుతాయి. మన లోపలి గడియారం అదే. వెలుగు కబురు అందగానే నిద్రవేళ హార్మోను మెలటోనిన్‌ను తగ్గించమంటుంది.

ఇక్కడే తమాషా ఉంది. మెలనాప్సిన్‌కు ఎక్కువ పట్టేది 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగు. మూసిన రెప్పలోంచి కాస్తో కూస్తో దూరేది ఎరుపు, నీలం చాలావరకు బయటే ఆగిపోతుంది. కాబట్టి ఎర్రగా మొదలుపెట్టడంలో అర్థముంది. కానీ నిజమైన వేకువ అంత ఎర్రగా ఉండదు. ఎరుపు తూర్పు అంచు వరకే. నడినెత్తిన ఆకాశం ముదురు నీలం, ఎందుకంటే పైన ఓజోను నారింజ కాంతిని మింగేస్తుంది. దీపాల కంపెనీలు అమ్ముతున్నది సినిమా సూర్యోదయం.

ఫలితం మాటేమిటి? నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన పరీక్షలో, దీపంతో లేచినవాళ్లు నిద్రమత్తు తక్కువగా ఉందని చెప్పారు. లేచాక చర్మపు వేడి త్వరగా తగ్గడానికీ దానికీ సంబంధం కనిపించింది. నాకు నమ్మదగ్గదిగా తోచే మేలు ఇంతే. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేచేవాడికి ఏ దీపమూ నిద్ర బాకీ తీర్చదు.

డెల్టా ఊళ్లలో ఒకప్పుడు వేసవంతా డాబాల మీదే పక్కలు. పొద్దెక్కాక పడుకుందామన్నా కుదిరేది కాదు. ఇప్పుడు ఏసీ గది, మందపాటి కర్టెన్, చెవి దగ్గర మోగే సెల్‌ఫోను. ఆరున్నరకు లేచేవాళ్లు వేలు పోసి దీపం కొనే ముందు, రాత్రి తూర్పు కిటికీ కర్టెన్ జానెడు తెరిచి పడుకుని చూడొచ్చు.

సూర్యుడికంటే ముందు లేవాల్సినవాళ్ల సంగతి వేరు. కార్తీక స్నానాలకు చీకటితోనే రేవుకు వెళ్లే ఆడవాళ్లు రాత్రి తొందరగానే పడుకుంటారు కనుక వాళ్లకు దీపం బాగానే ఉపయోగపడుతుంది. నాలుగున్నరకే లేవాలనే ఇంటర్ పిల్లల విషయంలో మాత్రం ఒక చిక్కుంది. మామూలుగా మెలకువ వచ్చే వేళకు రెండు గంటల ముందు ఒంటి వేడి అట్టడుగుకు చేరుతుంది. ఆ తరవాత పడ్డ వెలుగు లోపలి గడియారాన్ని ముందుకు జరిపితే, అంతకు ముందు పడ్డది వెనక్కి నెడుతుంది. సెలవుల్లో ఏడున్నరకు లేచే కుర్రాడికి ఆ వేళ ఐదున్నర. నాలుగింటికి దీపం వెలిగిస్తే ఆ రాత్రి వాడికి నిద్ర ఇంకా ఆలస్యంగా రావచ్చు. అందుకని మొదట ఏడింటికి పెట్టి, మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపాలి. లేవగానే ఆరుబయట కాసేపు తిరగనివ్వాలి. రాత్రి తొమ్మిది దాటాక గదిలో ట్యూబులైటు తీసేసి, చిన్న బల్బుతో సరిపెట్టాలి.