పిల్లికూనకు ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

వానాకాలం మేడమెట్ల కిందనుంచి సన్నని అరుపు వినిపిస్తుంది. చూస్తే కళ్ళయినా తెరవని పిల్లికూన. జాలిపడి ఇంట్లోకి తెచ్చి, వెంటనే పాలు పడతారు. తెల్లవారేసరికి కూన చనిపోతుంది. ఒళ్ళు వెచ్చబడకముందే పాలు పట్టడం ఇందుకు చాలాసార్లు కారణం.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు పెద్దలు. కనుక వెచ్చగా, నిశ్శబ్దంగా పడుకున్న కూనను వెంటనే ఎత్తుకురాకండి. కొన్ని గంటలు దూరంనుంచి కనిపెట్టి చూడండి. ఒళ్ళు చల్లబడినా, గాయాలున్నా, చీమలు పట్టినా మాత్రం ఆలస్యం చేయకండి.

హైదరాబాదులో అక్కినేని అమల 1992లో నెలకొల్పిన బ్లూక్రాస్ వంటి సంస్థలు దిక్కులేని జంతువులను చేరదీస్తున్నాయి. అయితే రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టవలసిన పసికూనకు ఇల్లే తగిన చోటు. ఆ పనికి పూనుకునే స్వచ్ఛంద సేవకుల్లో మీరూ ఒకరైతే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

వెచ్చదనం

కూన నోట్లో చిటికెనవేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే దానికి పాలు జీర్ణం కావు. వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కగా ఉంచండి. రెండో పక్క ఖాళీగా వదిలితే, వేడి ఎక్కువైనప్పుడు కూన అటు జరుగుతుంది.

పాలు

ఆవుపాలు, గేదెపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసమే తయారైన పాలపొడి దొరుకుతుంది, పశువైద్యుణ్ణి అడగండి. కూనను బోర్లా ఉంచి చుక్కచుక్కగా పట్టండి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు వారాలు నిండేదాకా, ప్రతిసారీ గోరువెచ్చని తడిదూదితో కింది భాగం మెల్లగా తుడిస్తేనే మలమూత్రాలు వస్తాయి. రోజూ తూచండి. రోజుకు 10 గ్రాములైనా పెరగాలి. తగ్గితే ఏదో జబ్బు చేసిందన్నమాట.

జబ్బులు

వాంతులు, విరేచనాలు, నీరసం కలిసి వస్తే పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్ళండి. ఇది మనుషులకు సోకదు. కాని ఆ వైరస్ ఇంట్లో ఏడాదిదాకా బతికి, మిగతా పిల్లులకు అంటుకుంటుంది. అందుకే కొత్త కూనను రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ఆ గదిని ఫినాయిలుతో కడగకండి, అది పిల్లులకు విషం. ఒక పాలు బ్లీచికి 32 పాళ్ళ నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్ళతో కడగండి. జ్వరమని మన పారాసిటమాల్ వేయకండి. ఒక్క మాత్రతో పెద్ద పిల్లి ప్రాణమే పోవచ్చు.

మీ జాగ్రత్త

కూన కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. రేబిస్ టీకా వాయిదా వేసే విషయం కాదు. కూన ఒంటిమీద గుండ్రంగా వెంట్రుకలు రాలితే తామర కావచ్చు. అది పిల్లలకు అంటుకుంటుంది. గర్భిణులు మాత్రం కూన మలం ఎత్తే పని పెట్టుకోకూడదు.

ఎంత చేసినా కొన్ని కూనలు దక్కవు. దక్కినవాటికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టించి, నమ్మకమైన ఇంటికి అప్పగించండి. ఆ గదిలో మరో కూనకు చోటు దొరుకుతుంది.