మీకు తెలుసా? ఆ సేనాని ఎన్నడూ తినని కూర

అమెరికాలో ఏ పేటకు వెళ్లినా ఒక చిన్న చైనా హోటల్ ఉంటుంది. అక్కడ పార్సిల్ కట్టించుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవాటిలో జనరల్ సోస్ చికెన్ ఒకటి. ఆ జనరల్ కల్పిత పాత్ర కాదు. పేరు జువో జోంగ్‌టాంగ్, హునాన్ ప్రాంతంవాడు, చింగ్ సామ్రాజ్య సేనాని. 1885లో పోయాడు. ఆయన పేరుతో కూర పుట్టింది మాత్రం 1950లలో, అదీ తైవాన్‌లో. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వచ్చినప్పుడు తైవాన్ చేరిన పెంగ్ చాంగ్‌గ్వే అనే వంటమాస్టరు తన ప్రాంతపు వీరుణ్ని తలుచుకుని పెట్టిన పేరది.

పెంగ్ వండిన కూరలో చక్కెర లేదు. ఉప్పు, పులుపు, వెల్లుల్లి, కారం అంతే. కారం తినడంలో హునాన్‌వాళ్లు మన గుంటూరువాళ్లకు తీసిపోరు మరి. 1970ల మొదట్లో న్యూయార్క్ నుంచి వచ్చిన చైనా వంటవాళ్లు తైవాన్‌లో దాన్ని రుచి చూసి వెళ్లి, ముక్కకు కరకరలాడే పొర, తియ్యని సాసు జోడించారు. 1973లో పెంగ్ స్వయంగా న్యూయార్క్ వచ్చి హోటల్ పెట్టేసరికి ఆయన కూర అక్కడ అప్పటికే అమ్ముడుపోతోంది. దాన్ని కనిపెట్టినవాణ్నే కాపీ కొట్టాడనుకున్నారు! ఆ తర్వాత హునాన్ రాజధాని చాంగ్‌షాలో హోటల్ తెరిచినా, సొంత ప్రాంతంవాళ్లకు ఆ కూర రుచించలేదు. 2016లో, 98 ఏళ్ల వయసులో పెంగ్ కన్నుమూశారు.

‘అయితే అది అసలు చైనా వంటే కాదన్నమాట’ అని తీసిపారేసేవాళ్లు చాలామంది. నాకది న్యాయంగా తోచదు. ఆ హోటళ్లు ఎలా వెలిశాయో తెలిస్తే వాళ్లూ ఆ మాట అనరు. 1882లో వచ్చిన చట్టం చైనా కూలీలెవరూ అమెరికాలో అడుగుపెట్టకుండా చేసింది. వ్యాపారులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులకూ ఆ మినహాయింపు దక్కింది. షరతులు మాత్రం గట్టివి. హోటల్ కాస్త పెద్ద స్థాయిది కావాలి, అందులో తగినంత పెట్టుబడి ఉండాలి, యజమాని ఏడాదిపాటు గరిటె పట్టకూడదు, వడ్డించకూడదు, అజమాయిషీ మాత్రమే చేయాలి. అందుకని బంధువులు, ఒకే ఊరివాళ్లు తలా కొంత వేసుకుని ఉమ్మడిగా హోటల్ పెట్టేవారు. వంతులవారీగా ఒక్కొక్కరు మేనేజరయ్యేవారు. ఆ హోదా రాగానే చైనా వెళ్లి రావడానికి, తనవాళ్లను తెచ్చుకోవడానికి దారి దొరికేది. చట్టం రద్దయింది 1943లో. వీసా కాగితం చుట్టూ బతుకు ఎలా తిరుగుతుందో డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటున్న మన పిల్లలకు వేరే చెప్పాలా? కొనేవాళ్లకు నచ్చేలా తీపి పెంచడం, తమ ఊళ్లో వాడే గాయ్‌లాన్ ఆకుకూర బదులు ఇటలీనుంచి వచ్చిన బ్రోకలీ వేయడం, ఇవన్నీ బతకడం కోసం నేర్చిన నేర్పు. దాన్ని నేను గౌరవిస్తాను.

ఇక పార్సిల్ కట్టిచ్చే ఆ తెల్ల అట్టపెట్టె. పైన సన్నని తీగతో పిడి, పక్కన ఎర్రని పగోడా బొమ్మ. చైనాలో పుట్టిందనుకుంటాం. 1894లో షికాగోకు చెందిన ఫ్రెడరిక్ విల్‌కాక్స్ పేటెంటు తీసుకున్నది, ఆల్చిప్పల మాంసం మోసుకెళ్లడానికి! ఒకే కాగితాన్ని మడిచి చేస్తారు కాబట్టి పులుసు కారదు. పగోడా బొమ్మ 1970లలో ఆ పెట్టెలు చేసే అమెరికా కంపెనీ డిజైనరు వేసింది. మడతలు విప్పితే పళ్లెంలా పరుచుకుంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టేముందు తీగ తీసేయండి.

హోటల్ చికెన్ ముక్క అంత మెత్తగా ఎందుకుంటుందంటే, వేయించేముందు దానికి కోడిగుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్ పట్టించి, ఓ మోస్తరుగా కాగిన నూనెలో ఒక్కసారి తిప్పి తీస్తారు. ఇంట్లోనూ చేయొచ్చు. ఫ్రైడ్‌రైస్‌కు మాత్రం నిన్నటి చద్దన్నమే మేలు, మెతుకు పొడిబారి దేనికది విడివిడిగా వేగుతుంది. అయితే ఆ అన్నం రాత్రంతా బయట ఉండకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మిగిలిన పార్సిల్ అన్నాన్ని రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. మెనూలో ‘టోఫు’ అని ఉన్నంత మాత్రాన అది మాంసం లేనిదని కాదు. మాపో టోఫులో తరచూ కీమా ఉంటుంది. హాట్ అండ్ సోర్ సూపులో పంది మాంసపు సన్నని పీచులు పడతాయి. కూరగాయల సాసులోనూ ఆల్చిప్పల రసం కలవొచ్చు. బుద్ధాస్ డిలైట్ బౌద్ధ సన్యాసుల ఆహారంనుంచి వచ్చిన కూర. దానిలోనూ సాసు ఏమిటో అడిగి తెచ్చుకోవడమే మంచిది. మన గోబీ మంచూరియా అక్కడ అడగకండి, దొరకదు. మంచూరియా ముంబయిలో పుట్టింది. 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ చికెన్‌తో మొదలుపెట్టాడని చెబుతారు.

పార్సిల్ సంచి అడుగున ఫార్చ్యూన్ కుకీ ఉంటుంది. విరిస్తే లోపల జోస్యం చీటీ. దాని మూలం జపాన్. క్యోటో గుళ్ల దగ్గర ఇలాంటి బిస్కెట్లు 19వ శతాబ్దంనుంచే చేసేవారు. కాలిఫోర్నియాకు తెచ్చింది జపాన్‌వాళ్లు. యుద్ధకాలంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం వాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించడంతో బేకరీలు మూతపడ్డాయి, తయారీ చైనావాళ్ల చేతికి వచ్చింది. చీటీ మీద అదృష్ట సంఖ్యలు కూడా అచ్చేస్తారు. 2005 మార్చి 30న పవర్‌బాల్ లాటరీలో ఆరింట అయిదు సంఖ్యలు కలిసి ఏకంగా 110 మందికి రెండో బహుమతి తగిలింది. మోసమేమోనని అధికారులు కంగారుపడ్డారు. ఆరా తీస్తే, వాళ్లు న్యూయార్క్‌లోని ఒకే ఫ్యాక్టరీ కుకీ చీటీలో చూసిన సంఖ్యల మీద పందెం కాశారని తేలింది. ఒక్కొక్కరికి కనీసం లక్ష డాలర్లు వచ్చాయి. పెద్ద బహుమతి రెండే రెండు తేడాతో తప్పింది: చీటీలో ఆరోది 40, లాటరీలో 42.