గర్భిణీ స్త్రీ – మందుల అంగడి



సూర్యాపేట నుండి జనగామకు పోవు బాటమీద మా తిరుమలగిరి యున్నది. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. అచ్చట నేను మందుల అంగడి నడుపుచున్నాను.

గర్భిణులకు రక్తహీనత కలుగకుండుటకై ప్రభుత్వమువారు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రల నుచితముగా నిచ్చుచున్నారు. నాలుగవ మాసము మొదలు దినమునకొకటి చొప్పున 180 దినములు వేసికొనవలెను. అయినను పెక్కండ్రు నడుమనే మానుదురు. మలము నల్లబడునని భయము. ఆ నలుపు ఇనుమువలన గలుగునదే కాని రోగము గాదని వారికి చెప్పువారు లేరు. చాయతో మ్రింగిన ఇనుము సరిగా ఒంటబట్టదు. కాల్షియం మాత్రతో గలిపి వేసికొన్నను అంతియే. నిమ్మరసము మేలు. ఇంతయు చెప్పుటకు నాకు పట్టునది రెండు నిమిషములు.

ఒక సాయంకాలము ఒక వృద్ధురాలు వచ్చి, "బిడ్డా, మా కోడలికి తలకాయ నొస్తున్నది, ఒక గోలియ్యి" అనెను. అంగడిలో రద్దీ లేనందున, ఎన్నవ నెల యని యడిగితిని. ఎనిమిదవదట. కాళ్లు వాచినవట, కన్నులు మసకబారుచున్నవట. నేను గోలి నీయలేదు. రక్తపుపోటు హెచ్చినప్పుడు ఈ లక్షణములు పుట్టును. అశ్రద్ధ చేసినచో గుర్రపువాతము వచ్చి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగును. పైగా ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు 20 వారములు దాటిన గర్భమున శిశువు మూత్రపిండములకు కీడు చేయును.

"గోలి అమ్మని దుకాణమేం దుకాణం!" అని యామె గొణిగినది. ఆటో పిలిచి, కోడలిని వెంటనే ఆసుపత్రికి గొనిపొమ్మని పంపితిని. అచ్చట ఆమెను చేర్చుకొనిరని మరునాడు తెలిసినది.

అంతకుమునుపు ఎందరికి అడుగకయే ఇచ్చితినో! నేడు రద్దీ యున్నను అడుగుచున్నాను.