పెద్ద కళ్లు అందమే... కానీ కొత్తగా పెద్దవైతే?

పోయినేడాది సంక్రాంతికి ఇంట్లో అందరం కలిసి గ్రూప్ ఫొటో దిగాం. అందరం నవ్వుతున్నాం. మా అక్క మాత్రం ఎవరినో చూసి ఉలిక్కిపడినట్టు ఉంది. ‘‘ఏంటక్కా, కళ్లు అలా పెట్టావ్?’’ అనడిగితే ‘‘మామూలుగానే పెట్టాన్రా’’ అంది. అమ్మ పక్కనుంచి ‘‘దానివి చిన్నప్పట్నుంచీ పెద్ద కళ్లే, నువ్వు దిష్టి పెట్టకు’’ అని నా నోరు మూయించింది.

నాకెందుకో మనసు ఒప్పలేదు. ఫోన్ గ్యాలరీలో వెనక్కి వెళ్లి మూడేళ్ల కిందటి ఫొటో తీసి, కొత్తదాని పక్కన పెట్టి చూశా. పాత ఫొటోలో పైరెప్ప నల్లగుడ్డుని కొంచెం కప్పుతోంది. కొత్తదాంట్లో నల్లగుడ్డుకి పైన కూడా తెల్లటి గీత కనిపిస్తోంది. కుడికన్నులో ఇంకాస్త ఎక్కువ. పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో వెతకడం నాకు రోజూ ఆఫీసులో ఉండే పనే. ఈసారి మారింది అక్క మొహం.

అప్పటికి నాలుగు నెలలుగా అక్క కళ్ల మంటలకి అలర్జీ చుక్కలు వేసుకుంటోంది. బరువు తగ్గితే ‘డైట్ పనిచేస్తోంది’ అని సంబరపడింది. గుండె దడ వస్తే కాఫీ తగ్గించింది. నిద్ర పట్టకపోతే ఫోన్‌ని తిట్టుకుంది. ఒక్కో ఇబ్బందికీ ఒక్కో కారణం దొరికేసింది. అన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే అని మాకెవరికీ తట్టలేదు. చివరికి రక్తపరీక్ష చెప్పింది... థైరాయిడ్!

గొంతులో గ్రంథి, కంటిలో గొడవ

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. ఒంట్లో పనులన్నీ ఎంత వేగంగా జరగాలో నిర్ణయించే హార్మోన్లు దాన్నుంచే వస్తాయి. మరి దానికీ కంటికీ సంబంధం ఏంటి?

అసలు తప్పు థైరాయిడ్‌ది కాదు, మన రోగనిరోధక వ్యవస్థది. బయటి క్రిములతో పోరాడాల్సిన యాంటీబాడీలు పొరపాటున థైరాయిడ్ కణాల మీదుండే ఒక రిసెప్టర్‌ని పట్టుకుంటాయి. స్విచ్ ఎవరో నొక్కిపట్టుకున్నట్టు గ్రంథి ఆగకుండా హార్మోన్లు తయారు చేస్తుంది. ఇదే గ్రేవ్స్ వ్యాధి. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీని గురించి రాశారు. 1840లో జర్మనీలోని మెర్సెబర్గ్‌లో కార్ల్ వాన్ బాసెడో అనే డాక్టర్ ఈ జబ్బులో మూడు లక్షణాలు కలిసి వస్తున్నాయని గమనించారు. గొంతు వాపు, గుండె దడ, ముందుకొచ్చిన కళ్లు.

అదే రిసెప్టర్ కంటి వెనక ఉండే కణజాలంలోనూ ఉంటుంది. యాంటీబాడీలు అక్కడా గొడవ మొదలుపెడతాయి. దాంతో ఆ కణాలు నీటిని స్పాంజిలా పట్టి ఉంచే పదార్థాన్ని తయారు చేస్తాయి. కొవ్వు పెరుగుతుంది, కంటిని తిప్పే కండరాలు ఉబ్బుతాయి. కంటిగూడు చుట్టూ ఎముకే. అందులో ఉన్న చోటు సుమారు 30 మిల్లీలీటర్లు. కనుగుడ్డుకే దాదాపు 7 పోతుంది. లోపల వాపొస్తే వెనక్కి జరగడానికి దారి లేదు. తెరిచి ఉన్నది ముందువైపే. కన్ను అటే వస్తుంది.

పైగా పైరెప్ప కూడా పైకి లాక్కుపోతుంది. చాలామందిలో మొదట కనిపించేది ఇదే. అందుకే ఎదుటివాళ్లు ‘కోపంగా చూస్తున్నావేంటి?’, ‘భయపడ్డావా?’ అని అడుగుతుంటారు. ఆఫీసు వీడియో కాల్స్‌లో అక్కని అలా ఇద్దరు ముగ్గురు అడిగారట. ఆ తర్వాత ఆమె కెమెరా ఆఫ్ చేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మాకు చెప్పలేదు.

వైట్‌హౌస్‌లో ఒకే ఇంట్లో ఇద్దరికి

ఈ జబ్బుకి సంబంధించి ఒక విచిత్రమైన కథ ఉంది. అమెరికా అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ భార్య బార్బరాకి 1989లో గ్రేవ్స్ వ్యాధి బయటపడింది. ఆమె కళ్ల మీద కూడా ప్రభావం పడింది. రెండేళ్లకి, 1991లో, జాగింగ్ చేస్తుండగా బుష్‌కి గుండె లయ తప్పింది. పరీక్షిస్తే ఆయనకీ గ్రేవ్సే! వాళ్ల కుక్క మిల్లీకి లూపస్ అనే మరో ఆటోఇమ్యూన్ జబ్బు. నీళ్లలో ఏదైనా ఉందేమోనని వాళ్లు ఉన్న ఇళ్లలో నీటిని పరీక్షించారు. ఏమీ దొరకలేదు. ఈ జబ్బు అంటుకోదు, ఎవరు చేసిన తప్పూ కాదు. వంశంలో కొంత, పరిసరాల్లో కొంత కారణాలు కలిసి వస్తాయి, అంతే.

ఆడవాళ్లలో ఎక్కువగా వస్తుంది. మగవాళ్లలో తక్కువే, కానీ వస్తే తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ.

‘టీఎస్‌హెచ్ నార్మలే కదా’ అనుకుంటే?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ కంటిజబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి హార్మోన్లు ఎక్కువగానే ఉంటాయి. కానీ కొద్దిమందికి రిపోర్టు మామూలుగా రావచ్చు, థైరాయిడ్ తక్కువగానూ ఉండొచ్చు. కళ్లలో మార్పు ముందే మొదలై, గ్రంథి తేడా తర్వాత బయటపడటం కూడా జరుగుతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఒక్కటే కాకుండా ఫ్రీ టీ4, టీ3తో పాటు టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష కూడా డాక్టర్లు రాస్తారు. అవసరమైతే కంటిగూడుకి సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. జుట్టు కోసం బయోటిన్ గమ్మీలు తింటున్నారా? ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్ని తికమక పెట్టి, లేని హైపర్ థైరాయిడ్‌ని ఉన్నట్టు చూపించగలదు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. వాడుతున్న సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

అన్నీ థైరాయిడ్ కావు

పెద్దవాళ్లలో కన్ను ముందుకు రావడానికి, ఒకటైనా రెండైనా, థైరాయిడే అతి సాధారణ కారణం. అయినా ఇంకా చాలా ఉన్నాయి.

మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్ల కనుగుడ్డే పొడుగ్గా ఉంటుంది. బయటికొచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి రాలేదు. ఒక కంటి రెప్ప కిందికి వాలితే, బాగున్న రెండో కన్నే పెద్దదిగా అనిపిస్తుంది. దెబ్బ తగిలి కంటిగూడు ఎముక విరిగితే ఆ కన్ను లోపలికి పోయి, రెండోది ఉబ్బినట్టు ఉంటుంది. తలకి దెబ్బ తగిలాక కన్ను ఎర్రబడి, లోపల ‘హుష్ హుష్’ మని శబ్దం వినిపిస్తే రక్తనాళాల సమస్య కావచ్చు. ఒక కన్నే నెమ్మదిగా ముందుకొస్తుంటే లోపల గడ్డ ఉందేమో చూడాలి.

సైనస్ ఇన్‌ఫెక్షన్ కంటిగూడులోకి పాకితే జ్వరం, నొప్పి, ఎర్రటి వాపు వస్తాయి. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్ సమయంలో బ్లాక్ ఫంగస్‌తో ఎంతమంది కళ్లు పోగొట్టుకున్నారో మనకి గుర్తే. షుగర్ అదుపులో లేనివాళ్లు ఇప్పటికీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లల్లో కన్ను ఉబ్బితే ‘చూద్దాంలే’ అనే మాటే వద్దు, అదే రోజు చూపించాలి.

మరీ భయపడకండి కూడా. ఎవరి మొహమూ రెండువైపులా ఒకేలా ఉండదు. చెయ్యి చాచి దగ్గర్నుంచి తీసిన సెల్ఫీ మొహాన్ని సాగదీసి చూపిస్తుంది. ఐదారడుగుల దూరం నుంచి, కళ్ల ఎత్తులో, వేరేవాళ్లతో వెనక కెమెరాతో ఫొటో తీయించుకోండి. దాన్ని పాత ఫొటోలతో పోల్చండి. డాక్టర్లు కూడా పాత ఫొటోలు తెమ్మంటారు. ఎప్పట్నుంచో ఉన్న తేడా వేరు, కొత్తగా వచ్చిన తేడా వేరు. క్లినిక్‌లో కన్ను ఎంత ముందుకొచ్చిందో చిన్న పరికరంతో కొలుస్తారు. రెండు కళ్ల మధ్య 2 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే కారణం వెతుకుతారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఒక కన్ను మూసుకుని ఎర్రటి బాటిల్ మూత చూడండి, తర్వాత రెండో కంటితో చూడండి. ఒక కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు ఉంటే కంటినరం నలుగుతోందేమో! చూపు మసకబారినా, ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించినా, రెప్పలు పూర్తిగా మూతపడక నొప్పి పుడుతున్నా, జ్వరంతో కన్ను వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మనవాళ్లు ‘మెల్లకన్ను అదృష్టం’ అంటారు. పెద్దయ్యాక కొత్తగా వచ్చిన మెల్ల మాత్రం అదృష్టం కాదు, పరీక్ష చేయించుకోమని ఒళ్లు చెబుతున్న మాట. కంటిగూడు, రెప్పల సమస్యలు చూసే ఆక్యులోప్లాస్టీ డాక్టర్లు, థైరాయిడ్ చూసే ఎండోక్రైనాలజిస్టు కలిసి చూడాల్సిన కేసు ఇది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

నయమవుతుందా?

మొదటి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వాపు చురుగ్గా ఉంటుంది, తర్వాత నిలకడకొస్తుంది. మందులు బాగా పనిచేసేది ఆ మొదటి దశలోనే. అందుకే ఆలస్యం ఖరీదైనది. తేలికపాటి కేసుల్లో కన్నీటి చుక్కలు, తల కింద ఎత్తు, థైరాయిడ్‌ని అదుపులో ఉంచడం సరిపోవచ్చు. మధ్యస్థంగా ఉంటే వారానికోసారి నరంలోకి స్టెరాయిడ్ ఇస్తారు, మామూలుగా 12 వారాలు. అమెరికాలో 2020 జనవరిలో టెప్రొటుముమాబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. కన్ను వెనక్కి వెళ్లేలా చేయగలదు. కానీ చాలా ఖరీదు, వినికిడి తగ్గడం, షుగర్ పెరగడం లాంటి దుష్ప్రభావాలూ ఉన్నాయి. జబ్బు నిలకడకొచ్చాక సర్జరీలు ఉంటాయి. ముందు కంటిగూడు, తర్వాత కండరాలు, చివర్లో రెప్పలు. చూపు ప్రమాదంలో పడితే మాత్రం అప్పటిదాకా ఆగరు. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ ఇస్తామంటే కళ్ల సంగతి ముందే చెప్పాలి, దాంతో కంటిజబ్బు పెరిగే ప్రమాదం ఉంది.

ఇక మన చేతిలో ఉన్న అతి పెద్ద మందు సిగరెట్ మానడం. పొగతాగేవాళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, వస్తే ముదిరే అవకాశం ఎక్కువ, చికిత్స పనిచేయడం తక్కువ. అక్క ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు. కానీ డాక్టర్ గారు ‘‘ఇంట్లో ఎవరైనా తాగుతారా?’’ అని అడిగారు. పక్కవాళ్ల పొగ కూడా మంచిది కాదన్నారు. అక్క ఏమీ అనలేదు. బావ తలొంచుకున్నాడు.

బాల్కనీలో యాష్‌ట్రే ఉండే చోట ఇప్పుడు తులసికుండీ ఉంది. బావ రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు, రెండుసార్లూ ఆపాడు. ఇది మూడోసారి, ఐదు నెలలైంది. అక్క హార్మోన్లు అదుపులోకి వచ్చాయి. కుడికన్ను ఇంకా కొంచెం ముందుకే ఉంది, డాక్టర్లు చూస్తున్నారు. ఆఫీసు మీటింగుల్లో కెమెరా మాత్రం ఆన్ చేస్తోంది.

ఇవాళ ఒక పని చేయండి. మీ ఇంట్లోవాళ్ల మూడేళ్ల కిందటి ఫొటో ఒకటి తీసి, నిన్నటి ఫొటో పక్కన పెట్టండి. తేడా లేకపోతే పాత రోజులు గుర్తుచేసుకుని నవ్వుకోండి. ఉంటే మాత్రం దిష్టి అని ఊరుకోకండి.