పాత పచ్చికలో దుక్కి లేని టర్నిప్ సాగు

బ్రిటన్, న్యూజిలాండ్ దేశాలలోని వాలు పచ్చిక భూములను దున్నితే వానకు మట్టి కొట్టుకుపోతుంది. అందుచేత అక్కడ పశువుల మేత కోసం టర్నిప్‌ను దున్నకుండానే విత్తే పద్ధతి ఉంది. ఇందులో పంట నిలవడం పాత గడ్డి పూర్తిగా చావడంపైనే ఆధారపడి ఉంటుంది. ముందుగా పచ్చికను పొట్టిగా మేపి, తిరిగి చిగురించిన ఆకులపై గ్లైఫోసేట్ పిచికారీ చేస్తారు. ఎదిగే ఆకుల ద్వారానే మందు వేళ్లకు చేరుతుంది. గడ్డి పసుపుబారిన తరువాత యంత్రంతో సన్నని చాళ్లు తీసి, విత్తనాన్ని 1 నుంచి 2 సెంటీమీటర్ల లోతులోనే వేయాలి. కుళ్లే వేళ్లపై పెరిగే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకుంటాయి కనుక విత్తేటప్పుడే నత్రజని ఎరువు అందించాలి. దుక్కిలో చాలావరకు నశించే గుల్లలేని నత్తలు ఇక్కడ చచ్చిన గడ్డి చాటున బతికి, రాత్రిపూట మొలకలను తింటాయి. తొలి వారాలలో చేనును పరిశీలించి, అవసరమైతే ఎర గుళికలు చల్లాలి.