కాయకష్టం చేసేవారికీ గుండెపోటు

గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. వీటి లోపలి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని దారి ఇరుకవడమే కరోనరీ ధమనుల వ్యాధి. ఇది పట్నం జబ్బనీ, ఒళ్లొంచి పనిచేసేవారి జోలికి రాదనీ చెరకు పండించే రావికమతం వంటి పల్లె ప్రాంతాల్లో చాలామంది నమ్మకం. కానీ ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. కాయకష్టం మేలుచేసే మాట నిజమే. పొగాకు, బీపీ, షుగరు చేసే చెరుపును మాత్రం అది పూర్తిగా ఆపలేదు. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల నోటి క్యాన్సరు వస్తుందని తెలిసినవారు కూడా దాని విషం ధమనుల దాకా పోతుందని అనుకోరు.

బెల్లంతో షుగరు పెరగదన్నది మరో భ్రమ. అనకాపల్లి బెల్లమైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘గ్యాస్ నొప్పి’ అన్న అపోహ. రాత్రి భోజనం అయ్యాక ఛాతీ పట్టేస్తే సోడా తాగి, వాము నమిలి పడుకుంటారు. త్రేన్పు వచ్చినంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పలేం. గుండె కింది గోడకు రక్తం ఆగితే నొప్పి పొట్ట పైభాగంలోనే రావచ్చు, వాంతులూ కావచ్చు. చల్లటి చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి గుండెపోటు గుర్తులు. షుగరు ఉన్నవారికి, ఆడవారికి ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, నీరసం మాత్రమే కనిపిస్తాయి. ధమని మూసుకుపోయిన అరగంటకే కండరం చచ్చుబడటం మొదలవుతుంది. రావికమతం నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు గంటకు పైగా ప్రయాణం. అందుకే తెల్లారేదాకా ఆగకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ధమనిని మూసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఎంత త్వరగా పడితే అంత కండరం దక్కుతుంది.

‘మొన్నటిదాకా రాయిలా ఉన్నాడు, ఒక్కసారిగా ఎలా వచ్చింది?’ అంటారు. ధమని పూర్తిగా పూడుకుపోయాకే పోటు వస్తుందనుకోవడం వల్ల పుట్టే ప్రశ్న ఇది. సగం కూడా మూయని కొవ్వు పొర చిట్లినా, దానిమీద నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. నిన్నటి ఈసీజీ బాగుందన్న ధీమా కూడా ఇందుకే చెల్లదు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీలో ఏ తేడా కనిపించకపోవచ్చు.

స్టెంట్ వేస్తే జబ్బు పోయినట్టేనని మందులు మానేసేవారూ ఉన్నారు. స్టెంట్ తెరిచేది ఆ ఒక్క ఇరుకునే. మిగతా ధమనుల్లో కొవ్వు అలాగే ఉంటుంది. డాక్టరు చెప్పకుండా రక్తం పలచబడే మాత్రలు ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు.